సగం పెన్నీ

కోత అయిన తొమ్మిదో రోజు.
లింకన్‌షైర్‌లో ఆ పొలానికి పేరు లేదు.
"చర్చి వెనకది" అంటాడు దాని ఆసామి హోరేస్ టప్‌హోమ్.
చర్చి కూలి నూటయాభై ఏళ్లయింది.

నలుగురం. నోరీన్, విల్ఫ్, పొడుగు ఇద్రిస్, నేను.
కారు డిక్కీలో నాలుగు డిటెక్టర్లు,
ఒక ఫ్లాస్కు, నోరీన్ చేసిన అల్లం కేకు,
విల్ఫ్ ప్రతిసారీ తెచ్చే, ఎవరూ ముట్టని
గుడ్డు శాండ్‌విచ్‌లు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక ఎవరికి ఎవరూ కాము.
నాలుగు దిక్కుల నలుగురు చెవిటివాళ్లం.
కోసేసిన పొలాన్ని మళ్లీ కోస్తున్నట్టు
గోధుమ మోళ్ల మీద
యంత్రాన్ని అటూ ఇటూ ఊపుకుంటూ పోతాం.

ఇనుముది గురక.
సీసానిది పొడిదగ్గు.
వెండి మాత్రం
పక్కగదిలోంచి పసిపిల్ల పిలిచినట్టు ఒక్కసారి పలుకుతుంది,
విన్నానా అనుకునేలోగా ఆగిపోతుంది.

మధ్యాహ్నం దాకా ఏం దొరికాయి?
బీరు డబ్బా చెవి. ఇంకో బీరు డబ్బా చెవి.
గుర్రపు నాడా ముక్క.
తలకాయకి రింగున్న మొద్దు మేకు ఒకటి,
నేనే తీసి చెత్త సంచీలో పడేశాను.
విల్ఫ్‌కి బటన్లు. ఎప్పుడూ వాడికి బటన్లే,
ఇంటి దగ్గర బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి.
"ఈ ఊళ్లో పూర్వం అందరూ
గుండీలు తెంపుకునే తిరిగారోయ్" అన్నాడు ఇద్రిస్.

అప్పుడు నోరీన్ టోపీ తీసింది.

అరవదు. టోపీ తీసి నిలబడుతుంది, అంతే.
మేం పరిగెత్తం. పరిగెత్తనట్టు నటిస్తూ చేరుకుంటాం.

జానెడు లోతు. మట్టిపెళ్లలో
నెలవంక లాంటిది ఒకటి.
"రుద్దకు" అన్నాడు ఇద్రిస్.
ఫ్లాస్కు మూతలోని చల్లారిన టీ రెండు చుక్కలు వేసింది.
రాజుగారి ఒక కన్ను, సగం కిరీటం,
మూడు ముంగురులు.

విరిగింది కాదు, కత్తిరించింది.
వెనకనున్న శిలువ గీత వెంబడి, తిన్నగా.
ఎనిమిది వందల ఏళ్ల కిందట
పెన్నీకి చిల్లర లేదట ఆ దేశంలో.
అర కావాలంటే అర, పావు కావాలంటే పావు,
కత్తెరే టంకసాల.

ఆ మిగతా సగంతో ఎవరో ఏదో కొనుక్కున్నారు.
ఈ సగం గలవాడు మాత్రం
ఇక్కడే వంగి, మోళ్లు గుచ్చుకుంటున్నా,
చీకటి పడేదాకా వేళ్లతో దువ్వి ఉంటాడు నేలని.
ఇంటికెళ్లి ఏం చెప్పాడో.
దొరికిందయ్యా అని కబురు పెట్టాలనిపించింది.
ఎవరికి పెట్టను?

హోరేస్‌తో మా ఒప్పందం సగం సగం.
కాగితం లేదు, చేతిలో చెయ్యి.
గుమ్మంలో నిలబడి నోరీన్ అరచేతిని చూశాడు,
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.
"దీనిలో సగమా? మీరే ఉంచుకోండి,
నాకు వంటింటి కత్తెర ఒక్కటే ఉంది."

నవ్వుతూనే చెత్త సంచీలోకి తొంగి చూశాడు.
నవ్వు ఆగింది.

ఆ మొద్దు మేకు తీసి
చొక్కా అంచుతో తుడిచాడు. రింగు తిప్పి చూశాడు.
"నా ట్రాక్టరు పిన్ను.
మార్చిలో పోయింది.
మేనల్లుడు అమ్ముకున్నాడన్నాను.
అనకూడనివి ఇంకా చాలా అన్నాను.
వాడు అప్పటినుంచీ రావడం లేదు."

తలుపు వెయ్యడం మరిచిపోయి లోపలికి వెళ్లాడు.

మేం మెట్టు మీద.
లోపల ఫోను అంకెలు నొక్కుతున్న చప్పుడు,
ఒక్కొక్కటీ, చాలా నెమ్మదిగా.
ఆరింటి దగ్గర ఆగింది.
మళ్లీ మొదటినుంచి.

విల్ఫ్ మెడ చాచి చెవి పెట్టాడు,
నోరీన్ మోచేత్తో పొడిచింది.
కారెక్కాం.
అగ్గిపెట్టెలో దూది మీద సగం పెన్నీ,
నోరీన్ ఒళ్లో.
అంతా చాలాసేపు మాట్లాడలేదు.
ఇద్రిస్ ఎందుకో
గుడ్డు శాండ్‌విచ్ ఒకటి తీసుకుని తిన్నాడు.